కార్బైడ్ కింద పసుపు

పోయిన వారం మనం కథను ఒక చిన్న స్క్రూ దగ్గర వదిలేశాం. చిక్కబళ్ళాపురం పొలిమేరలో, హైవే పక్క రేకుల షెడ్డులో, మన నందీశ్ లేత్ మిషన్ ముందు నిలబడి కొత్త టూల్ హోల్డర్ స్క్రూ విప్పాడు. లోహాన్ని కోసే బొటనవేలి గోరంత కార్బైడ్ బిళ్ళ, అంటే ఇన్సర్ట్, కూర్చునే చోటు ఒకటుంటుంది కదా, దాన్ని వాళ్ళు సీటు అంటారు. నున్నగా, శుభ్రంగా ఉండాల్సిన ఆ సీటులో ఎండి గట్టిపడిన పసుపు కనబడింది. చూడగానే ఆయన హోల్డర్‌ను వెలుగులోకి తెచ్చి మళ్ళీ చూశాడు. అంత కంగారు ఎందుకో, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నందీశ్ మామగారు పురుషోత్తమ్. పరగోడులో రైతు ఇంట పుట్టి, చదువుకుని, బెంగళూరులో కార్బైడ్ ఫ్యాక్టరీలో తల నెరిసేదాకా పనిచేసి, బాగేపల్లికి వచ్చి సొంతంగా కోటింగ్ యూనిట్ పెట్టుకున్న మనిషి. కార్బైడ్ బిళ్ళల మీద వెంట్రుక కంటే పలచని పూత వేసి, ఎంత మొండి లోహాన్ని కోసినా అంచు తొందరగా అరగకుండా చేయడం ఆయన పని. నికెల్ కలిసిన లోహాలున్నాయే, వాటంత మొండివి ఇంకోటి లేవు. కోసేకొద్దీ గట్టిపడతాయి, పుట్టిన వేడినంతా తెచ్చి కోసే అంచు మీదే కుమ్మరిస్తాయి. దాన్ని తట్టుకునే పూత కోసం ఏళ్ళ తరబడి అవస్థపడి, చివరికి ఊదారంగులో నిగనిగలాడే పూత ఒకటి సాధించాడాయన. విమానాల ఇంజిన్లకు భాగాలు చేయించే బెంగళూరు కంపెనీ ఒకటి, సరే పరీక్ష చేసి చూద్దామంది. ఆ కంపెనీకి నందీశ్ కూడా పని చేసిపెడుతుంటాడు కాబట్టి, పరీక్ష అల్లుడి షెడ్డులోనే ఏర్పాటయింది.

పాత హోల్డర్‌లో విదేశీ ఇన్సర్ట్ బిగించారు. దీని కోసమే తెప్పించిన కొత్త హోల్డర్‌లో మామది బిగించారు. విదేశీది బుద్ధిగా కోసుకుంటూ పోయింది. మామది లోహాన్ని తాకిందో లేదో, టక్కుమని మూల విరిగింది. ఇంకొకటి పెట్టారు. అదీ విరిగింది.

అప్పుడు నందీశ్ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు సహన, పక్క షెడ్ల వాళ్ళు, సొంత పనివాళ్ళు, అందరూ చుట్టూ మూగి ఉండగా విరిగిన బిళ్ళను రెండు వేళ్ళతో పైకెత్తాడు. "రంగు చూసి వంకాయ మాదిరి ఉండాదే అనుకుంటి మేడమ్. కాదు, నిజంగా వంకాయే!" అన్నాడు. తన షాపుకు చెడ్డపేరు రాకూడదన్న భయం అలా ఎగతాళి అయి బయటికొచ్చింది. అందరూ పగలబడి నవ్వారు. పురుషోత్తమ్ కూడా కొంచెం నవ్వి, విరిగిన ముక్కలు రుమాల్లో కట్టుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. కంపెనీ ఆ పూత వద్దంది.

ఇక ఆ పసుపు సంగతి. అది పరీక్షకు ముందు ఆయుధ పూజ నాడు పెట్టిన బొట్టు.

ఇప్పుడు షెడ్డులో నందీశ్ ఆ పసుపును గోటితో గీకి చూశాడు. కార్బైడ్ అరగడానికి ఓర్చుకుంటుంది కానీ అదరడానికి ఓర్చుకోదు. కింద ఇసుక రేణువంత అడ్డం ఉన్నా ఇన్సర్ట్ ఒక పక్కకు లేస్తుంది, కోత మొదలవగానే అదురుతుంది, విరుగుతుంది. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. కొత్తగా చేరిన పనివాడెవడైనా సీటు తుడవకుండా బిళ్ళ బిగిస్తే చెవులు పిండే మనిషి ఆయన. ఆ రోజు రెండోసారి బిగించేటప్పుడైనా లోపలికి తొంగిచూడలేదు. మామగారి పూత మీద ఆయనకు మొదటినుంచీ నమ్మకం లేదు, విరగగానే ఇది ఇంతేలే అనుకున్నాడు.

అయినా మనిషి మనసు అంత తొందరగా ఒప్పుకుంటుందా? పసుపు ఉంటే ఉండనీ, బిళ్ళ కూడా చెడ్డదే కావచ్చుగా అనుకున్నాడు. సీటును బ్రష్‌తో రుద్ది రుద్ది కడిగాడు. సొరుగులో మామగారి డబ్బా ఇంకా ఉంది. అందులోంచి ఒక బిళ్ళ తీసి బిగించాడు. పరీక్షలో మిగిలిన నికెల్ కడ్డీ ముక్కను మిషన్‌కి ఎక్కించి, స్విచ్ నొక్కి, గాజు తలుపుకు ముఖం ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

విరగాలి అని మొక్కుకున్నాడు. సిగ్గుచేటు, కానీ నిజం. విరుగు, విరుగు అని లోపల అనుకుంటూనే ఉన్నాడు. వేడి చల్లార్చే కూలెంట్ పాలనురగలా కడ్డీ మీద పడుతోంది, తునకలు ఉంగరాలు తిరిగి రాలుతున్నాయి, శబ్దం ఒకే తీరుగా సాగుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకు కోసింది. మళ్ళీ కోసింది. కడ్డీ సన్నబడి సన్నబడి, ఇంక కోయడానికి ఏమీ మిగలకపోతే మిషన్ తనే ఆపేశాడు. బిళ్ళ విప్పి భూతద్దం కింద చూస్తే అంచు చెక్కుచెదరలేదు. పక్కన సన్నటి గీతలా, సమంగా, పద్ధతిగా అరిగి ఉంది. మంచి కార్బైడ్ ఎలా అరగాలో అలా అరిగి ఉంది.

పట్టుకోవడానికి సాకు ఒక్కటీ మిగల్లేదు. నందీశ్ ముఖం మంటలెత్తిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. భార్య ఆశ. భర్తను కన్నడ వాళ్ళ మాదిరి 'రీ' అనే పిలుస్తుంది.

"రీ, యాడుండారు? నాయన మిషన్ ఇచ్చేస్తాండాడంట! చింతామణి నుంచి ఆదినారాయణప్ప అంట, ఎవురో లారీ తీసుకొని వచ్చినాడంట. అమ్మ ఇప్పుడే ఫోన్ చేసి ఏడస్తాంది."

"ఏ మిషన్?"

"ఏ మిషన్ అంటారేమి? కోటింగ్ మిషనే. ఇంగ నాయనకి ఉండేది ఇంకోటి యాడిది?" ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "నాకు ఒక మాట చెప్పలే రీ. దీపావళికీ పిలవలే. ఫోన్ చేస్తే అమ్మకిచ్చి ఎళ్ళిపోతాడు. నేనేం చేసినా?"

నందీశ్ కడిగిన సీటు వైపు చూశాడు. చేతిలో హోల్డర్ బరువుగా తగులుతోంది.

"నేను పోతాండాలే," అన్నాడు.

"నేనూ వస్తా."

"నువ్వొద్దు. నేను చూసుకుంటా."

హోల్డర్‌ను గుడ్డలో చుట్టి, ఇప్పుడే కోసిన బిళ్ళను చొక్కా జేబులో వేసుకుని, బండి తీశాడు.

బాగేపల్లి దారి ఆయనకు కొత్తది కాదు. ద్రాక్ష తోటలు దాటాక పేరేసంద్ర, అది దాటాక గుట్టలు, ఎండ. పెళ్ళయిన కొత్తలో ఇదే దారిన మామగారింటికి పోతుంటే ఎంత హుషారుగా ఉండేదో! ఈ రోజు లారీలు హారన్ కొట్టినా తననే తిట్టినట్టు అనిపిస్తోంది. లారీ ఎక్కేలోపు చెప్పాలి. మిషన్ లారీ ఎక్కిందంటే ఇక చెప్పి ఏం లాభం? అది తెలుసు. ఏమని చెప్పాలన్నదే తెలియడం లేదు.

చెప్పడానికి తేలికైన దారి ఒకటుంది. బొట్టు పెట్టిన చెయ్యి ఆశది. ఏటా ఆయుధ పూజకు షెడ్డులో మిషన్లన్నిటికీ, టూల్స్ అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేది ఆమే. "మామా, ఆశ చూసుకోకుండా సీటులో బొట్టు పెట్టింది" అంటే అయిపోయె. అబద్ధం కూడా కాదు. కూతురు మీద ఏ తండ్రికి కోపం నిలుస్తుంది? గుడిబండ అడ్డరోడ్డు వచ్చేసరికి ఆ మాట నందీశ్ నోట్లో బాగా నానింది.

కానీ అసలు జరిగింది ఇదీ. ఆ రోజు ఆశ హోల్డర్ల మీద పైన పైన బొట్లు పెట్టుకుంటూ వస్తుంటే, కొత్త హోల్డర్ దగ్గర నందీశే ఆపాడు. "పైన పెడితే కూలెంట్‌కి కొట్టుకొని పోతాది. కొత్తది, దీంట్లోనే మీ నాయన బిళ్ళ నిలిచేది. లోపల పెట్టు, ఏడాదంతా ఉంటాది," అన్నాడు. భక్తి అనుకోండి, చాదస్తం అనుకోండి, నోటిదూల అనుకోండి. ఆశ పెట్టింది. ఆరాక ఎవరూ చూడలేదు.

బాగేపల్లిలో మామగారి షెడ్డు ముందు లారీ వెనక్కి తిరిగి నిలబడి ఉంది. నలుగురు హమాలీలు కోటింగ్ మిషన్ చుట్టూ తాళ్ళు వేస్తున్నారు. పెద్ద ఉక్కు పీపాలాంటి మిషన్ అది. దాని పక్కన తెల్ల చొక్కా, బొజ్జ, నుదుట పెద్ద బొట్టుతో ఆదినారాయణప్ప. చింతామణిలో పాత్రల అంగడి ఆయనది. కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఒకే కథ చెబుతున్నాడు.

"స్టీలు తలుపు పిడి లోపల పెడితే బంగారు పిడి అయి బయటికొస్తాదంటప్పా! కొళాయిలు, దేవుని పీటలు, గంటలు, అన్నీ బంగారమే. ఇంగ చింతామణిలో ఏ ఇంటికి పోయినా తలుపు పట్టుకుంటే నా పేరే చెప్పుకోవల్ల!"

మొండి లోహాన్ని గెలవడానికి పెట్టిన మిషన్ తలుపు పిడులకు బంగారు రంగు వేయడానికి పోతోంది. పురుషోత్తమ్ మాత్రం పెళ్ళివారిని చూసుకున్నట్టు అందరినీ మర్యాదగా చూసుకుంటున్నాడు. అల్లుణ్ణి చూడగానే ఎదురొచ్చాడు.

"రాప్పా నందీశా, రా. ఎండలో వచ్చినావు. నీళ్ళు తాగు." చెంబు అందించి, కొంచెం ఆగి, ఎటో చూస్తూ అడిగాడు. "ఆశ... బాగుండాదా?"

"బాగుండాది మామా."

"నేనే వచ్చి నీతో ఒక మాట మాట్లాడల్లనుకుంటి. ఆ దినం నావల్ల కంపెనీ వాళ్ళ ముందర నీకు తలవంపులాయ. నీ షాపులో పెట్టమని నేనే అడిగినా. మనసులో పెట్టుకోవద్దప్పా."

చూశారా! తప్పు చేసినవాడు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు, అన్యాయమైపోయినవాడు క్షమించమని అడుగుతున్నాడు. నందీశ్ చెంబు ఎత్తి గటగటా తాగాడు. ఇప్పుడు చెప్పాలి, ఇదే సమయం, చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు.

"అట్ల అనొద్దు మామా," అన్నాడు. ఆ అట్ల అనొద్దు అన్న మాటతో క్షమాపణ తీసుకున్నట్టే అయిందని, చెంబు కింద పెట్టేటప్పుడు గాని ఆయనకు తట్టలేదు.

ఆదినారాయణప్ప కుర్చీలోంచే తల తిప్పాడు. "ఈయప్పేనా అల్లుడు? అయ్యో రాప్పా, రా! వంకాయ మాట అన్నది నువ్వే కదా? మా అంగడి కాడ కూడా చెప్పుకొని ఒకటే నవ్వు. ఏమి నోరప్పా నీది!" అని తొడ చరిచి నవ్వాడు. "మిషన్ తెస్తాండా అంటే మా ఇంట్లో ఆయమ్మ కూడా అడిగింది, వంకాయలు కాసే మిషనేనా అని!"

హమాలీలు నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది పురుషోత్తమ్. ఆ నవ్వు నందీశ్‌కి తెలుసు. ఆ రోజు షెడ్డులో నవ్విన నవ్వే అది. ఎదుటివాళ్ళు ఇబ్బంది పడకూడదని నవ్వే నవ్వు. చిక్కబళ్ళాపురంలో తను విసిరిన మాట చింతామణి దాకా పోయి, బాగేపల్లికి తిరిగొచ్చి, ఈ మనిషిని ఆయన గుమ్మంలోనే నవ్వించింది. భూమి చీలి తనను మింగితే బాగుండునని నందీశ్‌కి నిజంగా అనిపించింది.

"మామా, ఒక నిమిషం లోపలికి వస్తారా?"

షెడ్డు వెనక చిన్న గది ఉంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద మైక్రోస్కోప్. తలుపు దగ్గరగా వేసి, నందీశ్ గుడ్డ విప్పి హోల్డర్ బల్ల మీద పెట్టాడు. జేబులోంచి బిళ్ళ తీసి దాని పక్కన పెట్టాడు.

"పొద్దున ఇది మళ్ళీ పెట్టి చూసినా. విరగలే మామా. కడ్డీ అయిపోయేదాకా కోసింది. అరుగుడు చూడండి ఎంత సమంగా ఉండాదో."

పురుషోత్తమ్ బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో అంచు పక్కన నిమిరాడు. ఏమీ అడగలేదు. ఎందుకు విరగలేదు, ఆ రోజు ఎందుకు విరిగింది అని ఎవరైనా అడుగుతారు కదా, ఆయన అడగలేదు.

నందీశ్ గొంతు సవరించుకున్నాడు. దారిపొడుగునా నానిన మాట నాలుక చివరికి వచ్చేసింది.

"ఆయుధ పూజ దినం మామా... ఆశ బొట్లు పెడతా పెడతా..."

"ఆశ పేరు ఎత్తొద్దప్పా." పురుషోత్తమ్ గొంతు పెద్దది కాలేదు. కానీ అంత గట్టిగా ఆయన మాట్లాడగా నందీశ్ ఎప్పుడూ వినలేదు. "నాకు తెలుసు."

"ఏం తెలుసు మామా?"

పురుషోత్తమ్ సొరుగు లాగి రుమాలు మూట బయటికి తీశాడు. విప్పలేదు. బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ముక్కలు కట్టుకొని వస్తిని కదా. ఆ పొద్దే చూసినా. అంచు అరిగి పోలే. కిందనుంచి పగిలినాది. అడుగున పసుపు అంటుకొని ఉండాది. మీ షెడ్డులో బొట్లు పెట్టేది ఎవురు? నా బిడ్డే కదా."

"అప్పుడే తెలిస్తే ఏమిటికి చెప్పలే మామా?"

"చెప్తే ఎవురి మిందికి వస్తాది? కంపెనీ వాళ్ళ ముందర, మీ పనోళ్ళ ముందర, మీ ఇంట్లో. కట్టుకున్నోని ఆర్డరు చెడగొట్టింది, కన్నోని బతుకు చెడగొట్టింది అంటారు. బతికినన్నినాళ్ళూ అంటారు. నా పూత పోతే పోయె, ముసలోణ్ణి, నాకేమి?" ఆయన పెదవులు బిగుసుకున్నాయి. "అయినా నా బుద్ధి మంచిది కాదప్పా. దాని మింద కోపం పోలే. కార్బైడ్ పనోని కూతురు. సీటులో ఎంటిక కూడా ఉండకూడదని చిన్నప్పటి నుంచి వింటా పెరిగిన పిల్ల. అదే ఇట్ల చేసిందే అని లోపల కుమిలి కుమిలి... పండగ దినం బిడ్డను పిలిచేకి నోరు రాలే. వాళ్ళమ్మ ఏడ్చినా పిలవలే. అట్లాంటి నాయన్ను నేను."

చూడండి, నందీశ్‌కి ఆ క్షణంలో ఎంత తేలికో! మామకు తెలుసు. మామ క్షమించేశాడు. నోరు విప్పకుండా ఉంటే చాలు, తప్పు ఆశ మీద ఉండిపోతుంది, దాన్ని ఆయన కడుపులో దాచుకుంటాడు, ఎవరికీ తెలియదు. తను మంచి అల్లుడుగా ఇంటికి పోవచ్చు. బయట హమాలీలు ఏదో లెక్కగా అరుస్తున్నారు. తాళ్ళు బిగుస్తున్నాయి.

నేనేం చేసినా రీ, అని ఫోన్‌లో ఆశ అడిగిన గొంతు చెవిలో వినబడింది.

"ఆశది కాదు మామా తప్పు." మాట బయటికొచ్చాక గాని, తనే అన్నానని నందీశ్‌కి తెలియలేదు. "అది పైనే పెడతాండె. లోపల పెట్టమన్నది నేను. పోకుండా ఉంటాదని నేనే చెప్పి పెట్టించినా. తర్వాత తుడవలే, చూడలే. విరిగినాక కూడా చూడలే. మీ బిళ్ళ ఇంతేలే అనుకున్నా. అందరి ముందర ఆ మాట అన్నా. ఇప్పుడు కూడా... ఇందాక కూడా ఆశ మిందికి తోసేద్దామనే మొదలుపెట్టినా మామా. మీరు ఆపకపోతే తోసేద్దును."

తల ఎత్తలేకపోయాడు. సిమెంటు నేల మీద తన చెప్పులే కనబడుతున్నాయి. మామగారు కొడతాడేమో, కొడితే బాగుండును అనుకున్నాడు.

పురుషోత్తమ్ కొట్టలేదు, తిట్టలేదు. స్టూలు మీద కూలబడి, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"అంటే నా బిడ్డ మింద ఊరికే..." అన్నాడు. "దీపావళికి... ఊరికేనా..." మాట పూర్తి చేయలేక రుమాలు మూటను పక్కకు తోసేశాడు.

తలుపు కిర్రుమంది.

గడపలో ఆశ నిలబడి ఉంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చెంగుతో ముఖం కూడా తుడుచుకోలేదు. చేతిలో ఒక స్టీలు డబ్బా. పండగకు చేసి, ఇవ్వడానికి దారి లేక ఇంట్లోనే ఉంచుకున్న కజ్జికాయలు కాబోలు. ఎప్పటినుంచి నిలబడి ఉందో గాని, ఆమె ముఖం చూస్తే అంతా విన్నదని తెలిసిపోతోంది.

"నాయనా," అంది. "నన్ను ఒక మాట అడగకూడదా?"

పురుషోత్తమ్ తల అడ్డంగా ఊపాడు. కూతురు వైపు చూడలేకపోయాడు. ఒకే గదిలో ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ నేలచూపులే.

ఆశ డబ్బా బల్ల మీద పెట్టి భర్త వైపు తిరిగింది. "లోపల పెట్టమన్నా అని చెప్పినారు. మేలే. మిగిలింది కూడా చెప్పండి రీ."

నందీశ్ ముఖం పాలిపోయింది.

"ఇంకా ఏం మిగిలిందమ్మా?" అన్నాడు పురుషోత్తమ్.

"ఈయన చెప్పరులే నాయనా, నేనే చెప్తా. సీటులో ఏమీ పెట్టకూడదంట, మా నాయన ఎప్పుడూ చెప్తాంటాడు, వద్దు రీ అని నేను అన్నా. ఒకసారి కాదు, చేతిలో పసుపు పట్టుకొని బతిమాలినా. పనోళ్ళందరూ చూస్తాండారు. ఈయన ఏమన్నారో తెలుసా? 'మీ నాయన పాఠాలు నా షాపులో చెప్పొద్దు, చెప్పింది చెయ్' అన్నారు. నలుగురి ముందర ఇంగేం మాట్లాడేది? పెట్టినా. నీ బిళ్ళలు విరిగింది దానివల్ల అని నాకు ఈ పొద్దుదాకా తెలీదు నాయనా. తెలిసుంటే ఆ దినమే వచ్చి నీ కాళ్ళ మింద పడనా?"

ఈ మాట నందీశ్ మామగారికే కాదండీ, మనకూ చెప్పలేదు. బండి మీద దారిపొడుగునా అన్నీ తలచుకున్నాడు, ఇదొక్కటీ తలచుకోలేదు. ఒప్పుకున్నాను, బరువు దించుకున్నాను అనుకుంటున్న మనిషి, అసలైన బరువును అడుగునే దాచుకుని నిలబడ్డాడు.

పురుషోత్తమ్ మెల్లగా లేచాడు. కూతురు తల మీద చెయ్యి పెట్టాడు. "మరిచిపోలేదు కదమ్మా నువ్వు," అన్నాడు. "నేనే మరిచిపోయినా, నా బిడ్డ ఎవురో." ఆయన కళ్ళు నిండిపోయాయి.

బయటి నుంచి ఆదినారాయణప్ప కేక వేశాడు. "పురుషోత్తమప్పా! తాళ్ళు కట్టేసినాము. ఎత్తమంటావా?"

ఎత్తమనడానికి పురుషోత్తమ్‌కి నోరు రాలేదు, వద్దనడానికి ఆధారం లేదు. కంపెనీ వద్దన్న పూత వద్దన్నట్టే ఉంది. గదిలో ముగ్గురు ఒప్పుకున్నంత మాత్రాన వంకాయ వంకాయ కాకుండా పోతుందా?

ఆశ గడప దాకా పోయి బయటికి తొంగిచూసింది. "ఒక్క నిమిషం నిలపండప్పా. అంతదూరం నుంచి వచ్చినారు, కాఫీ తాగండి," అని వెనక్కి వచ్చి, భర్త ఎదుట నిలబడింది. గొంతు ఎత్తలేదు. మీరు అనడం కూడా మానలేదు. నందీశ్‌కి ఆ మర్యాదే చురుక్కుమంది.

"ఆ సహన మేడమ్‌కి ఫోన్ చెయ్యండి రీ. స్పీకర్‌లో పెట్టండి. ఇక్కడ చెప్పిందంతా ఆయమ్మకి చెప్పండి. నేను వద్దన్నది కూడా చెప్పండి."

"ఇప్పుడా?"

"లారీ ఎక్కినాకనా?"

నందీశ్ ఫోన్ తీశాడు. కంపెనీ పని పోతుందేమో. పోవచ్చు. పరీక్షలో తప్పు చేసి, ఆ తప్పును ఎగతాళి చేసి నవ్వించిన షాపుకు మళ్ళీ పని ఎవరిస్తారు? వేలు పేరు మీద ఆగింది. ఒకసారి మామగారి వైపు చూశాడు. ఆయన ఆపమనలేదు. కానివ్వమనీ అనలేదు. బల్ల మీది బిళ్ళను తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

నందీశ్ నొక్కి, స్పీకర్‌లో పెట్టాడు. రింగ్ అయింది. కాఫీకని గడప దాకా వచ్చిన ఆదినారాయణప్ప కూడా, ఇదేదో తమాషాగా ఉందే అని అక్కడే ఆగిపోయాడు. ఆయన వెనక హమాలీలు.

"హలో, హేళి, చెప్పండి నందీశ్!" ఆ పక్కనుంచి సహన గొంతు ఖంగుమంది, హుషారుగా. ఎక్కడో క్యాంటీన్‌లో ఉన్నట్టుంది, చుట్టూ ఇంకెవరో మాట్లాడుతున్నారు. "ఇప్పుడే మా వాళ్ళకి మీ కథే చెప్తాండా! ఏమి సమాచారం? మీ మామగారి వంకాయ తోట ఎట్లుండాది?"

ఆ పక్కన నలుగురైదుగురు ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు చిన్న గదిలో గోడలకు తగిలి తిరిగింది. పురుషోత్తమ్ అలవాటుగా నవ్వబోయాడు. ఆశ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నవ్వలేదు.

"మేడమ్," అన్నాడు నందీశ్. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "స్పీకర్‌లో పెట్టినా మేడమ్. మా మామగారు నా ఎదురుగానే నిలబడి ఉండారు."

ఆ పక్కన నవ్వు టక్కున ఆగిపోయింది. మిగిలింది వచ్చే వారం.